పాఠం చెప్పే ముందు పసివాళ్ళను చూడనివ్వండి

ఆంధ్ర సరిహద్దు పక్కనున్న ఒడిశా ఊళ్ళు పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళం మనం ఏటా ఊళ్ళో బళ్ళకు ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాం. బెంచీలు, ఫ్యాన్లు, వాటర్ ఫిల్టర్లు, ఈ మధ్య ట్యాబ్‌లు. వాటి అవసరం లేదని నేననను. కానీ ఈసారి మన సంఘం డబ్బు మరో పనికి కేటాయించమని అడుగుతున్నాను. ఆ జిల్లాల్లో టీచర్లు కాబోతున్న యువతీయువకులు, ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు పిల్లలున్న చోట కొన్ని వారాలపాటు కూర్చుని, చూసి, చూసింది రాసుకునే ఏర్పాటు చేద్దాం. ఆ వారాల్లో వాళ్ళు పాఠమేమీ చెప్పక్కర్లేదు.

ఇక్కడ నా ఉద్యోగమే పసిపిల్లల టీచర్లకు శిక్షణ ఇవ్వడం. అమెరికాలో చాలా యూనివర్సిటీలకు సొంత శిశు పాఠశాలలు ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ బింగ్ నర్సరీ స్కూలు 1966 నుంచి నడుస్తోంది. పిల్లలు ఆడుకుంటూ ఉంటే విద్యార్థులు దూరంగా కూర్చుని గమనిస్తారు. మన దేశానికీ ఇది కొత్త కాదు. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో, ఢిల్లీ లేడీ ఇర్విన్ కాలేజీలో ఇలాంటి శిశు పాఠశాలలు ఉన్నాయి. అయితే ఇవన్నీ పెద్ద ఊళ్ళ సంగతులు. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో డి.ఎల్.ఎడ్. (బడి టీచర్ల డిప్లొమా) చదివే అమ్మాయికి టీచింగ్ ప్రాక్టీస్ అంటే బడి తరగతుల్లో పాఠాలు, లెసన్ ప్లాన్లు, చార్టులు. రెండేళ్ళ పిల్ల నేల మీద కూర్చుని ఏం చేస్తుందో తీరిగ్గా చూడమని ఆమెను ఎవరూ పంపరు. రోగి మంచం దగ్గర నిలబడని విద్యార్థికి మనం డాక్టరు పట్టా ఇస్తామా?

ఊరెళ్ళినప్పుడు పర్లాకిమిడి దగ్గర ఒక అంగన్‌వాడీలో చూసింది చెప్తాను. నాతో ఒక ఛాత్రోపాధ్యాయురాలు, అంటే టీచరు శిక్షణలో ఉన్న అమ్మాయి, కూడా ఉంది. మూడేళ్ళు నిండనివాళ్ళు అక్కడ బడి లెక్కలోకి రారు. వాళ్ళకు ఇంటికి చతువా (పోషకాహార పిండి) పొట్లాలు ఇస్తారు, నెలనెలా తూకం వేస్తారు. అయినా అక్కల చేయి పట్టుకుని వచ్చే బుడతలు ఏ కేంద్రంలో చూసినా ఉంటారు. అలా వచ్చినవాడే ఒకడు, రెండు రెండున్నరేళ్ళ వాడు, గుమ్మం పక్క బకెట్లో స్టీలు గ్లాసు ముంచి, నిండుగా పట్టుకుని నడిచి, మెట్టు దగ్గర నేల మీద ఒలకబోస్తున్నాడు. మళ్ళీ వెళ్తున్నాడు, మళ్ళీ తెస్తున్నాడు. నా పక్కనున్న అమ్మాయి నోట్‌బుక్‌లో రాసింది: "అల్లరి పిల్లవాడు. నీళ్ళు పారబోస్తున్నాడు."

ఆ "అల్లరి" కొట్టేసి, కంటికి కనిపించింది మాత్రమే రాయమన్నాను. తర్వాతి పావుగంటలో ఆమె పేజీ నిండిపోయింది. మొదట్లో గ్లాసు నిండా ముంచాడు, దారిలో తొణికింది, కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత సగమే ముంచాడు. మెట్టు దిగాల్సి వస్తే ముందు కూర్చుని, గ్లాసు పక్కన పెట్టి, కాళ్ళు కిందికి జార్చి, అప్పుడు గ్లాసు అందుకున్నాడు. సిమెంటు పగుల్లోకి నీళ్ళు పాకుతుంటే ఆ పగులు ఎంతవరకు పోతే అంతవరకు వంగి చూశాడు. అక్క వైపు తిరిగి "నీళ్ళు" అన్నాడు. గ్లాసు లాక్కోబోయిన దిదీ (అంగన్‌వాడీ కార్యకర్త) వైపు తిరిగి అదే మాట ఒడియాలో, "పాణి" అన్నాడు.

అల్లరి అని మొదటి నిమిషంలోనే తేల్చేసిన పిల్లవాడు కొలత నేర్చుకుంటున్నాడు, ఒళ్ళు అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు, ఎవరితో ఏ భాష మాట్లాడాలో అప్పటికే తెలిసినవాడు. ఇవేవీ ఆ అమ్మాయికి నేను చెప్పలేదు. తన పేజీ తనే చదువుకుని చెప్పింది. ఆ సాయంత్రం ఆమె మొహం చూశాక, పుస్తకంలో శిశు వికాస దశలు ఎన్నిసార్లు బట్టీ పట్టించినా ఈ పని జరగదని నాకు మరింత గట్టిగా అనిపించింది.

పరిశీలనలో కష్టమంతా ఇక్కడే ఉంది. మన కన్ను చూసేలోపే మన నోరు తీర్పు చెప్పేస్తుంది. "మొండిఘటం", "ముంగి", "ఎవరితోనూ కలవదు". కప్పు ఇవ్వనని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు అని రాస్తే అది చూసిన విషయం. మొండివాడు అని రాస్తే అది మన అభిప్రాయం. ఈ రెండింటినీ విడదీయడం వారంలో వచ్చే విద్య కాదు. లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో 1948లో ఎస్తర్ బిక్ అనే ఆవిడ పిల్లల మానసిక చికిత్స నేర్చుకునేవాళ్ళకు ఒక నియమం పెట్టింది. వారానికి ఒక గంట ఒక శిశువు ఇంటికి వెళ్ళి చూడాలి, అలా రెండేళ్ళు. చూస్తున్నప్పుడు కాగితం ముట్టకూడదు, తర్వాతే రాయాలి. టీచర్లకు అంత అక్కర్లేదు. కానీ ఆ ఓపికలో కొంతైనా కావాలి.

ఇంకో ఉదాహరణ. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటను ఇలాగే కూర్చుని గమనించి 1932లో ప్రచురించింది. చిన్నపిల్లలు పక్కపక్కనే కూర్చుని, ఒకే రకం బొమ్మలతో, ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం ఆవిడ గుర్తించిన రకాల్లో ఒకటి. ఇది తెలియని కొత్త టీచరు "ఈ పిల్ల కలవడం లేదు" అని తల్లికి చెప్తుంది. తల్లికి టెన్షన్, పిల్లకు ముద్ర. పక్కనున్న పిల్ల ఇసుక తట్టగానే ఈ పిల్ల కూడా తట్టిందని ఒక్కసారి కళ్ళారా చూస్తే టీచరు ఆ మాట అనదు.

సరిహద్దు జిల్లాల్లో ఇది మరీ ముఖ్యమని ఎందుకంటున్నానంటే, అక్కడ పిల్లలు బడి గుమ్మం తొక్కగానే ముందు తెలివితక్కువ వాళ్ళుగా కనిపించేది భాష వల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కొండ మీద నుంచి వచ్చిన పిల్లకు సవర. టీచరుకు వీటిలో ఒకటే వస్తే, మిగతా భాషల్లో పిల్ల చెప్పేదంతా మౌనం కిందే లెక్క. ఒడిశా ప్రభుత్వం 2006–07లో గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది, అందులో సవర కూడా ఉంది. అది మంచి పని. తెలుగింటి పిల్లలకు ఆ ఏర్పాటు వర్తించదు. తెలుగు మీడియం కోసం మనం ఎలాగూ అడుగుతున్నాం, అడగాలి కూడా. ఈలోగా ఒడియా మాత్రమే వచ్చిన టీచరైనా సరే, మాట్లాడని పిల్ల చేతులు, చూపు ఏం చెప్తున్నాయో చదవగలిగితే ఆ పిల్లకు సగం అన్యాయం తప్పుతుంది. అందుకే పరిశీలనకు ఇద్దరిద్దరిని పంపాలంటాను. ఒకరికి తెలుగు వస్తే మరొకరికి ఒడియా రావాలి, కొండ ప్రాంతమైతే సవర వచ్చినవాళ్ళు ఉండాలి. ఒకే పిల్లను చూసి ఇద్దరూ విడివిడిగా రాసి, తర్వాత పోల్చుకోవాలి. ఒకరికి వినబడనిది మరొకరి పేజీలో దొరుకుతుంది.

ఈ పద్ధతికి మన ఊళ్ళోనే పెద్ద దిక్కు ఉన్నాడు. పర్లాకిమిడిలో టీచరుగా ఉండగా గిడుగు వెంకట రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పాలనుకుని, ముందు సవర భాష వచ్చినవాళ్ళను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ మాట విన్నారు, రాసుకున్నారు, ఆ తర్వాతే వాచకాలు, బళ్ళు. 1931లో ఆయన సవర భాష మీద రాసిన మాన్యువల్ అచ్చయింది. ఆగస్టు 29న ఆయన ఫోటోకు దండ వేసి వాడుక భాష గురించి ప్రసంగాలు చేస్తాం. సవర పిల్లల కోసం ఆయన పడ్డ ఈ శ్రమను అంతగా తలుచుకోం. అది నాకు బాధ.

2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా చూడమంది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకు ఏడాది డిప్లొమా అంది. వాటిని డీటీహెచ్ ఛానళ్ళ ద్వారా, ఫోన్ల ద్వారా కూడా నడపవచ్చని, నెలకోసారైనా ముఖాముఖి తరగతి ఉండాలని రాసింది. దూర ప్రాంతాలకు ఫోను పాఠం మేలే. కానీ వీడియోలో పిల్లవాడు కెమెరా చూపించినంతే కనిపిస్తాడు. వాడు ఏడ్చే ముందు మూల వైపు ఎందుకు చూశాడో కెమెరాకు పట్టదు.

అంగన్‌వాడీ దిదీలకు మరో భారం వేస్తున్నారని ఎవరైనా అంటే, ఆ మాటలో న్యాయముంది. తూకాలు, వంట, చతువా పంపిణీ, సర్వేలు, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్. వాళ్ళకు ఇంకో రిజిస్టరు ఇవ్వడం పాపం. రాసేది ఛాత్రోపాధ్యాయులే, దిదీ కాదు. తల్లి ఒప్పుకోకపోతే ఆ బిడ్డను పరిశీలించకూడదు. పేజీలో పిల్లల పేరు ఉండకూడదు, పొడి అక్షరం చాలు. ఫోన్లు సంచిలోనే ఉండాలి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్ళను ఆ రోజే పంపేయాలి. ఈ విషయంలో నేను ఒక్క మెట్టు కూడా దిగను.

ఖర్చు పెద్దది కాదు. ఛాత్రోపాధ్యాయులకు బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, చిన్న స్టైపెండు. వారానికోసారి వాళ్ళ పేజీలు చదివి కూర్చోబెట్టి మాట్లాడే అనుభవజ్ఞురాలికి గౌరవ వేతనం. ఊళ్ళో రిటైరైన తెలుగు, ఒడియా టీచర్లలో ఆ పని చేయగలవాళ్ళు ఉన్నారు. జిల్లా అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి, ఆ ఉత్తరాలు రాసే పని నేను చూసుకుంటాను. పేజీలు ఎలా చదవాలో ఆన్‌లైన్‌లో నేర్పడానికి శని, ఆదివారాలు నావి. మొదటి ఏడాది పర్లాకిమిడి చుట్టుపక్కల కేంద్రాలతో మొదలుపెడదాం. నెలాఖరున ఆ పేజీల్లోంచి ఒకటి ఆ బిడ్డ తల్లికి, ఆమెకు వచ్చిన భాషలో, చదివి వినిపించాలన్నది నా షరతు. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని ఎజెండాలో చేర్చమని కోరుతున్నాను.