కోటి ఎకరాల పత్తి, మాట వినని కంచరగాడిద

1930ల మహా ఆర్థిక మాంద్యం మాట ఎత్తగానే, 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం విస్తరించి అమెరికాలో ప్రతి గడపనూ తట్టిందని పులకించిపోయే పండితులకు ముందుగా నమస్కారం. తట్టిన మాట నిజమే. ఆ తరువాత ఏ గడపలో ఎవరు మిగిలారన్నది మాత్రం వారు చెప్పరు.

నలుగురిలో ఒకరికి పని లేని ఆ ఏడాది, రైతుకు పట్టిన అసలు రోగం సమృద్ధేనని వాషింగ్టన్ తేల్చింది. పత్తి ధర లేవాలంటే, ఏపుగా ఎదిగిన పైరును సుమారు కోటి ఎకరాల్లో డబ్బిచ్చి మరీ దున్నించాలట. ఈ తర్కం అందరికీ ఎక్కింది గానీ కంచరగాడిదలకు ఎక్కలేదు. మొక్క మీద కాలు పడితే దెబ్బలు తప్పవని చిన్ననాటి నుంచీ నేర్చిన ఆ మూగజీవాలు, సాళ్ల మధ్య తప్ప నడవబోమని మొరాయించాయని అప్పట్లో చెప్పుకున్నారు. నిన్నటి దాకా మొక్క తొక్కినందుకు కొట్టిన రైతు, నేడు తొక్కనందుకు కొడుతున్నాడు. వాటికి నచ్చజెప్పేందుకు ఒక అర్థశాస్త్ర ఆచార్యుడినైనా పంపకపోవడం పథకంలోని ఘోరమైన లోపమని నా వినమ్ర అభిప్రాయం. పందులతో ఆ చిక్కు రాలేదు: సుమారు 60 లక్షలను, అత్యధికం పిల్లలనే, ప్రభుత్వం కొని చంపించింది. కొంత మాంసం పేదలకు దక్కింది. చాలా పిల్లలు ఎరువయ్యాయి.

ఇక సొమ్ము సంగతి. పరిహారం భూస్వామి చేతికిచ్చి, పాలుకు సేద్యం చేసేవాడి వాటా నువ్వే ఇవ్వమన్నారు. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్లు. సాగు తగ్గింది కనుక మనుషులూ వద్దనుకుని, నల్లవారినీ పేద తెల్లవారినీ గుడిసెల నుంచి వెళ్లగొట్టారు. కొందరు ఆ సొమ్ముతోనే ట్రాక్టర్లు కొన్నారు. 1934లో దక్షిణాది రాష్ట్రం అర్కాన్సాలో కౌలుదార్లు సంఘం కట్టుకుంటే వారిపై దాడులు చేశారు. సాగు తగ్గించేందుకు భూస్వాములు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఉన్న కౌలుదార్లనే ఉంచాలని వ్యవసాయ శాఖ న్యాయవాదులు వ్యాఖ్యానించగా, 1935 ఫిబ్రవరిలో ఉద్యోగాలు ఊడింది ఆ న్యాయవాదులకే! పేదవాడి పక్షాన ఒక్క వాక్యం రాసినందుకు ఇంటికి పంపిన ప్రభుత్వాన్ని పట్టుకుని ‘పేదల పెన్నిధి’ అనడానికి నోరెలా వస్తుందయ్యా?

అదే ఏడాది ఆగస్టులో వచ్చిన సామాజిక భద్రతా చట్టం వృద్ధాప్య పింఛనులో పొలం కూలీలకూ ఇంటి పనివారికీ చోటివ్వలేదు. నాడు దేశంలో పనిచేసే నల్లవారిలో సగానికి పైగా ఆ రెండు పనుల్లోనే ఉన్నారు. అది ఎవరికీ తెలియక జరిగిపోయిందని మాత్రం దయచేసి నాతో అనకండి.