మడి కట్టుకున్న డాలరు

1971లో అమెరికా ప్రభుత్వం పెద్ద డాలరు నాణెం ఒకటి తెచ్చింది. ఒకవైపు మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ముఖం, రెండోవైపు చంద్రుడి మీద వాలుతున్న గద్ద. వెడల్పు 38 మిల్లీమీటర్లు, బరువు 22 గ్రాముల పైమాటే. జేబులో ఓ పది వేసుకుంటే బెల్టు బిగించుకోక తప్పదు. జనం దాన్ని పట్టించుకోలేదు. లాస్ వేగాస్‌లో స్లాట్ మెషీన్లు మాత్రం ఆదరించాయి. కోట్లలో అచ్చయి ఎవరికీ అక్కర్లేకుండా పోయిన ఈ నాణేనికి విలువ కట్టడం ఎలా? నాణేలు సేకరించే పెద్దలు అర్ధశతాబ్దం పాటు తలలు పట్టుకుని ఆలోచించి ఓ సిద్ధాంతం తేల్చారు. నాణెం ఎంత తక్కువ పని చేస్తే దానికి అంత విలువ.

మడి అంటే తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఈ శాస్త్రం సగం వచ్చేసినట్టే. ముట్టుకుంటే మైల, వీధిలోకి వెళితే మైల. నాణెం ఎంత చెడకుండా ఉందో అంకెల్లో చెప్పే గ్రేడింగు స్కేలు 1 నుంచి 70 దాకా ఉంటుంది. నలుగురి చేతుల్లో తిరిగి, కూరగాయలు కొని, నాణెంగా తన ధర్మం తాను నిర్వర్తించినవన్నీ 58 లోపే సర్దుకోవాలి. 60 నుంచి 70 దాకా ఉన్న పదకొండు మెట్లూ ఏ పనీ చెయ్యనివాటికే.

ఈ స్కేలు పెట్టిన విలియం షెల్డన్ సామాన్యుడు కాడు. మనిషి ఒంటి తీరు చూసి స్వభావం చెప్పేయొచ్చని వాదించిన మనస్తత్వవేత్త. పాతకాలపు పెద్ద సెంటు నాణేల కోసం 1949లో ఈ లెక్క వేశాడు. 70 గ్రేడు నాణెం 1 గ్రేడు నాణేనికి 70 రెట్లు ధర పలకాలన్నది ఆయన ఉద్దేశం. నాణేల అధ్యయన సంస్థ అయిన అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి మంచి సెంటు నాణేలు తీసేసుకుని, వాటి చోట నాసిరకానివి పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. నాణ్యత గుర్తుపట్టడంలో ఆయన ప్రతిభకు ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఐసెన్‌హోవర్ డాలరుతో అసలు చిక్కు ఆయన బట్టతల. జుట్టు ఉన్న అధ్యక్షుడైతే గీతలు ఆ జుట్టులో కలిసిపోయేవి. ఈయన నున్నటి తల మీద, చెంప మీద ప్రతి గీతా ఎత్తి చూపినట్టు కనబడుతుంది. పైగా వేసేది గట్టి రాగి నికెల్ లోహం, అచ్చు వేశాక సంచుల్లో కుమ్మరించడం. ఆ సంచుల్లో ఒకదాన్నొకటి కొట్టుకుని మింట్ (టంకశాల) గేటు దాటకముందే చాలావాటికి మడి చెడిపోయింది. అందుకే 65 గ్రేడుకు పదుల డాలర్లలో దొరికే నాణెం, 67 దగ్గరకు వచ్చేసరికి కొన్ని సంవత్సరాల వాటికి వేలల్లోకి వెళుతుంది. ఈ రెండింటికీ తేడా భూతద్దంలో చూస్తే తప్ప తెలియదు. కొందరికి భూతద్దంలోనూ తెలియదు, డబ్బా మీద అంకె చూస్తే తెలుస్తుంది. గ్రేడింగు కంపెనీ నాణేన్ని ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి అంకె అంటిస్తుంది. ఆ అంకె నచ్చనివాళ్ళు డబ్బా పగలగొట్టి అదే నాణేన్ని మళ్ళీ ఫీజు కట్టి పంపుతారు. ఒక్కోసారి అంకె పెరుగుతుంది. నాణెంలో వచ్చిన మార్పేమీ లేదు, యజమాని పట్టుదల మాత్రం రుజువైంది.

భూగోళశాస్త్రం కూడా కాస్త రావాలి. 1972 నాణెం వెనక ఆకాశంలో బఠాణీ గింజంత భూమి ఉంటుంది. అది నొక్కినట్టు ఉందా, గుండ్రంగా ఉందా, ఫ్లోరిడా కింద దీవులు ఎలా ఉన్నాయి అన్నదాన్ని బట్టి అందులో మూడు రకాలు. రెండో రకం అరుదు. కరీబియన్ దీవులు ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరూ అడగని మనిషి, ఈ ఒక్క కారణంతో రాత్రి ఒంటిగంట దాకా వాటిని వెతుకుతాడు.

1973 నాణేలను అసలు వీధిలోకే పంపలేదు. సేకరించేవాళ్ళ సెట్లలో పెట్టి అమ్మి, మిగిలినవి కరిగించేశారు. ఇక వెండి వాటికి, అంటే 40 శాతం వెండితో చేసి నీలం కవర్లలోనూ గోధుమరంగు పెట్టెల్లోనూ అమ్మినవాటికి, కనీసం వెండి ధర ఉంటుంది. ఆ ధర శాస్త్రానికి అవమానం కనుక దాని గురించి ఎక్కువ మాట్లాడరు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక విన్నపం. గరాజ్ సేల్‌లో నల్లబడ్డ డాలరు దొరికితే, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి. కడిగిన నాణేనికి కంపెనీవాళ్ళు అంకె ఇవ్వరు, ‘శుభ్రం చేశారు’ అని నేరం రాసినట్టు రాస్తారు. అదే నలుపు ఇంద్రధనుస్సు రంగుల్లో తేలితే దాన్ని టోనింగ్ అని, ఎక్కువ డబ్బిచ్చి కొంటారు. మురికి అందంగా ఉంటే ఆస్తి.

ఇప్పుడు లేబుళ్ళ కాలం. 1986 నుంచి వస్తున్న సిల్వర్ ఈగిల్ అనే వెండి నాణెం మీద ఒక డాలరు అని రాసి ఉంటుంది, లోపల ఔన్సు వెండి ఉంటుంది. విడుదలైన మొదటి 30 రోజుల్లో కంపెనీకి చేరితే ‘ఫస్ట్ స్ట్రైక్’ అని లేబుల్. అది మొదట అచ్చయిందో ఆఖర్న అచ్చయిందో ఎవరూ చూడరు, పోస్టులో ఎప్పుడు వచ్చిందన్నదే లెక్క. 1995లో వెస్ట్ పాయింట్ మింట్‌లో అచ్చయిన ఈగిల్ మాత్రం నిజంగానే తక్కువ. నాలుగు బంగారు నాణేలు కొన్నవాళ్ళకే ఇచ్చారు కాబట్టి 30,125 మాత్రమే బయటికొచ్చాయి. ఆ రోజు బంగారానికి తోడుగా వచ్చిన వెండి నాణెమే ఇప్పుడు ఈగిల్ సెట్టుకు పెద్దదిక్కు.

ప్రభుత్వానికీ చివరికి జ్ఞానోదయమైంది. వాడేవాళ్ళు లేక ఐసెన్‌హోవర్ డాలరు తర్వాత వచ్చిన చిన్న డాలరు నాణేలు వంద కోట్లకు పైగా అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఖజానాల్లో పేరుకుపోవడంతో, చలామణి కోసం వాటిని అచ్చువేయడం 2011 చివర్లో ఆపేశారు. అప్పటి నుంచి సేకరించేవాళ్ళ కోసమే. 25 నాణేల రోల్‌ను 25 డాలర్లకు మించి అమ్ముతున్నారు.

అంతకుముందు ఇవే నాణేలను మింట్ అసలు ధరకే, పోస్టేజీ లేకుండా ఇంటికి పంపేది. కొందరు క్రెడిట్ కార్డు మీద వేలకొద్దీ తెప్పించుకుని, తిన్నగా బ్యాంకులో జమ చేసి, ఆ డబ్బుతో కార్డు బిల్లు కట్టి, కార్డు వాడినందుకు బహుమతిగా వచ్చే విమాన మైళ్ళు దండుకున్నారు. 2011 జులైలో మింట్ కార్డులు తీసుకోవడం మానేసింది. డాలరు నాణెంతో నికరంగా లాభపడ్డవాళ్ళు బహుశా వీళ్ళే. నాణెం మీద ఉన్నది ఏ అధ్యక్షుడని వాళ్ళను అడిగితే చెప్పలేకపోవచ్చు. ఏ ఎయిర్‌లైన్ అని అడగండి, సీటు నంబరుతో సహా చెబుతారు.