కొంగను వెనక్కి రప్పించకండి

టోక్యోలో మేముండే పేటలోని ఒక చిన్న హాలులో పిల్లల కోసం వేసిన ‘కొంగ భార్య’ నాటకానికి గత నెల మా అమ్మాయిని తీసుకెళ్లి, మండిపడుతూ ఇంటికి వచ్చాను. ఉచ్చులో చిక్కిన కొంగను ఒక పేదవాడు విడిపిస్తాడు. అది ఆడమనిషి రూపంలో వచ్చి అతని ఇల్లాలవుతుంది. నేసేటప్పుడు తొంగి చూడవద్దని మాట తీసుకుని, తన ఈకలే పీకి అపురూపమైన బట్ట నేస్తుంది. అతడు చూడనే చూస్తాడు, అది వెళ్లిపోతుంది. కథ అంతే. ఆ సాయంత్రం మాత్రం అతడు క్షమాపణ చెప్పగానే కొంగ తిరిగి వచ్చింది, రంగు కాగితాలు రాలాయి, అందరూ చప్పట్లు కొడుతూ పాట పాడారు.

పిల్లలు బాధపడతారని మార్చారట. కానీ అంతకుముందు అదే హాలులో ఏం జరిగిందో నాటకం వేసినవారే గమనించలేదు. కాగితపు తలుపు వెనక దీపం వెలిగింది, మగ్గం నీడ పడింది, ఒక చెయ్యి మెల్లగా తన భుజం మీదికే వెళ్లి ఏదో లాగి మగ్గం దగ్గరికి తెచ్చింది. రెండోసారి చెయ్యి లేచేసరికి హాలంతా నిశ్శబ్దం. నల్లబట్టలు కట్టి, ముఖాన నల్లముసుగు వేసుకున్న కురోగో, అంటే కనబడనట్టే లెక్కవేసుకునే రంగస్థల సహాయకుడు, బుట్టలోంచి మంచు చల్లుతూ వేదిక మీదే తిరుగుతున్నా, అతడెవరని ఒక్క పిల్లవాడూ అడగలేదు. ఎదుట ఉన్న మనిషినే లేడనుకోగలిగిన పిల్లలు, వెళ్లిపోయిన కొంగ ఇక లేదని ఒప్పుకోలేరా?

ఇదే కథ ఆధారంగా జుంజి కినోషిత రాసిన ‘యూజురు’ 1949లో తొలిసారి రంగస్థలం ఎక్కింది. అందులో కొంగ పాత్రను యసుయే యమమోతో వెయ్యిసార్లకు పైగా పోషించారు. భర్త డబ్బు గురించి మాట్లాడినప్పుడు ఆమెకు అతని పెదవులు కదలడం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, మాట మాత్రం అందదు. చివరికి రెండు బట్టలు నేసి ఇచ్చి, ఒకదాన్ని జాగ్రత్తగా దాచుకోమని చెప్పి వెళ్లిపోతుంది. కొంగ తిరిగి వస్తే ఆ దాచుకున్న బట్టకు ఏం విలువ ఉంటుంది?

అన్ని కథలనూ ఉన్నదున్నట్టు చూపాలని నా పట్టుదల కాదు. ‘కచికచి యామా’ అనే జానపద కథలో తనుకి (కుక్కజాతికి చెందిన ఒక అడవి జంతువు) ముసలమ్మను చంపి, పులుసు వండి, ముసలాయనకే తినిపించడాన్ని నాలుగేళ్లవాళ్ల ముందు ఆడమని నేనూ అనను. అయితే ఆమెకు చిన్న దెబ్బ తగిలినట్టు మార్చి, ఆ తర్వాత ముసలమ్మ పగ తీర్చడానికి కుందేలు తనుకి వీపు కాల్చడం, మట్టిపడవలో ముంచడం మాత్రం అలాగే ఉంచితే, కుందేలే దుర్మార్గురాలవుతుంది. అంత భయమైతే ఆ కథ జోలికే పోకుండా, అన్నం ముద్ద దొర్లుకుంటూ ఎలుకల కన్నంలో పడే ‘ఒముసుబి కొరోరిన్’ ఆడుకోవచ్చు. అందులో దిద్దవలసిందేమీ లేదు, పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

బయటికి వస్తుంటే తర్వాతి నాటకం కరపత్రం చేతిలో పెట్టారు. ఈసారి ‘ఉరాషిమా తారో’. సముద్రగర్భంలోని రాజభవనం నుంచి వచ్చి, తెరవవద్దన్న పెట్టె తెరిచి, ఒక్క క్షణంలో ముసలివాడైపోయే జాలరి కథ. బొమ్మలో పెట్టె తెరిచే ఉంది, జాలరి నవ్వుతున్నాడు, తలలో ఒక్క తెల్లవెంట్రుక లేదు.