పామ్ డాట్ విత్‌ఎక్స్‌ఎంఎల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ విత్‌ఎక్స్‌ఎంఎల్ గారికి,

ఉభయకుశలోపరి అని రాసే వీలు లేదు. గ్రేడిల్ (కోడును బిల్డ్ చేసే పనిముట్టు) లైబ్రరీని పబ్లిష్ చేసేటప్పుడు మీరు దిద్దే పామ్ (మావెన్ అనే మరో బిల్డ్ పనిముట్టు చదివే వివరాల ఫైలు) కుశలమే, దాని పక్కనున్న డాట్ మాడ్యూల్ ఫైలు (గ్రేడిల్ సొంత వివరాల ఫైలు) సంగతే బాగోలేదు.

పామ్‌లోంచి అక్కర్లేని డిపెండెన్సీని (లైబ్రరీ ఆధారపడే వేరే లైబ్రరీని) మీరు ఎంత నేర్పుగా పీకేస్తారో చూస్తున్నాం. ఎక్స్‌ఎంఎల్‌లో దాని నోడు వెతికి ఆనవాలు లేకుండా చేస్తారు. మావెన్ వాడేవాళ్లు మీకు దండం పెడతారు. గ్రేడిల్ వాడేవాళ్లకు మాత్రం ఆ డిపెండెన్సీ నిక్షేపంగా వస్తూనే ఉంటుంది. గ్రేడిల్ 6 నుంచి కాంపొనెంట్ పబ్లిష్ చేస్తే పామ్‌తో పాటు డాట్ మాడ్యూల్ కూడా దానంతటదే వెళ్తుంది మరి. అవతలి గ్రేడిల్ పామ్ తెరిచి, అందులోని గుర్తు కామెంటు చూసి, దాన్ని పక్కనపెట్టి డాట్ మాడ్యూల్ చదువుకుంటుంది. మీ చేతివాటం అక్కడిదాకా పోదు. గ్రేడిల్‌లో క్లాసుల గొడవ అని ఎవరైనా బగ్ పెడితే, మీ భక్తులు పామ్ చూపించి "అది ఇందులో లేనే లేదే!" అంటారు. నిజమే, అందులో లేదు.

మీ శిష్యులు కొందరు డాట్ మాడ్యూల్‌ను తయారుచేసే జనరేట్‌మాడ్యూల్‌మెటాడేటా టాస్కునే ఆపేశారు. ఇక రెండు ఫైళ్లకూ తేడా రాదు, రెండో ఫైలే లేదు గనుక. దాంతోపాటే ఫీచర్ వేరియంట్లు (కోరితేనే వచ్చే అదనపు భాగాలు), కేపబిలిటీలు (ఒకే పని చేసే రెండు లైబ్రరీలు కలిసి వస్తే పట్టించే గుర్తులు), స్ట్రిక్ట్ వెర్షన్లు (మార్చకూడదని కట్టేసిన వెర్షన్లు) కూడా పోయాయి. పామ్‌కి వాటిని చెప్పే నోరు లేదు.

అసలు మీ దాకా రావాల్సిన అవసరమేముంది? బయటివాళ్ల కంపైల్‌కి కనబడకూడనిది, గ్రేడిల్‌లో డిపెండెన్సీలు రాసే అరల్లో, ఏపీఐలో కాక ఇంప్లిమెంటేషన్‌లో పెడితే పామ్‌లో రన్‌టైమ్ స్కోప్‌గా దిగుతుంది. కంపైల్‌ఓన్లీలో పెట్టింది ఏ ఫైల్లోనూ ఎక్కదు. టెస్ట్ ఫిక్స్చర్స్ (పరీక్షలకు వాడే సహాయక కోడు) బయటికి పోకూడదంటే కాంపొనెంట్స్ డాట్ జావా మీద విత్‌వేరియంట్స్‌ఫ్రమ్‌కాన్ఫిగరేషన్ పిలిచి స్కిప్ అనాలి. టెస్ట్‌ఫిక్స్చర్స్‌ఏపీఐఎలిమెంట్స్‌కి ఒకసారి, టెస్ట్‌ఫిక్స్చర్స్‌రన్‌టైమ్‌ఎలిమెంట్స్‌కి ఒకసారి. రెండోదాన్ని మరిచారా, అదొక్కటీ గుమ్మం దాటుతుంది. "1.+" (1.తో మొదలయ్యే ఏదైనా) లాంటి వెర్షన్లు అలాగే అచ్చవకుండా వెర్షన్‌మ్యాపింగ్ ఉంది. ఇవన్నీ మూలంలోనే జరుగుతాయి కాబట్టి రెండు ఫైళ్లూ ఒకే మాట చెబుతాయి.

నమ్మకం కుదరకపోతే పబ్లిష్‌టుమావెన్‌లోకల్ నడిపి, డాట్ ఎం2 (మీ కంప్యూటర్లోని మావెన్ ఫోల్డరు) కింద రెండూ పక్కపక్కన తెరిచి చూడండి. మావెన్ సెంట్రల్‌కి వెళ్లాక దిద్దడం కుదరదు, కొత్త వెర్షన్ నంబరే గతి.

పోనీ, లైసెన్సు, డెవలపర్ల పేర్లు, ఎస్‌సీఎం (సోర్సు కోడు ఉండే చోటు) చిరునామా రాసే ఉద్యోగమైనా మీకిద్దామంటే, వాటికి పామ్ బ్లాకులోనే చోటుంది.

ఇట్లు,
డాట్ మాడ్యూల్ కూడా తెరిచి చూసేవాళ్లు