సైడ్ బిజినెస్‌కు ప్రొప్రైటర్ కావలెను

నల్గొండలో నలభై దాటిన ఉద్యోగి తనకు సైడ్ బిజినెస్ లేదంటే, బీపీ లేదన్నట్టే. ఎవరూ నమ్మరు. మా ఆఫీసులో ఒకాయనకు చిట్టీలు, ఇంకొకాయనకు ప్లాట్లు, మూడో ఆయనకు ఇన్సూరెన్స్. మరి ఫైళ్లు ఎప్పుడు చూస్తారంటారా, అది ప్రజల ఓపికకు సంబంధించిన విషయం. నా వంతు వచ్చేసరికి హాట్ సాస్ మిగిలింది.

దాన్ని హైదరాబాద్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో చూశాను. అరచేతిలో ఇమిడే సీసా, 299 రూపాయలు. వెనక్కి తిప్పి చదివితే పండు మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, వెనిగర్. అంటే సంక్రాంతి పోయాక మా ఇంట్లో నూరే పండుమిరపకాయ తొక్కే! చింతపండు తీసేసి వెనిగర్ పోశారు, కాస్త జారుగా చేశారు, ఇంగ్లీషు పేరు పెట్టారు. ఇంత ఆస్తిని మా అమ్మ ఇన్నేళ్లుగా గిన్నెలకెత్తి ఇరుగుపొరుగుకు ఊరికే పంచిపెట్టిందే అని ఆ ర్యాకు ముందే నిలబడి నిజంగా బాధపడ్డాను.

చరిత్ర కూడా నా పక్షానే ఉంది. టబాస్కో అనే హాట్ సాస్‌ను 1868లో అమెరికాలోని లూసియానాలో మొదలుపెట్టిన ఎడ్మండ్ మెకిలెన్నీ అంతకుముందు బ్యాంకులో పనిచేసినవాడే. మొదట్లో వాడిపారేసిన సెంటు సీసాల్లో పోసి పంచాడని చెప్తారు. ఖాళీ సీసాలకు మా ఇంట్లోనూ కొదవ లేదు గానీ, అవన్నీ బయటికి తీస్తే వ్యాపారం కంటే ముందు వేరే పంచాయితీ మొదలవుతుంది. ఆ కంపెనీ వాళ్లు మిరప గుజ్జును ఉప్పు కలిపి చెక్క పీపాల్లో మూడేళ్ల దాకా మాగబెడతారు. మా ఇంట్లో ఏ తొక్కూ ఉగాది దాటి బతికిన దాఖలా లేదు.

ఇక చట్టం. ప్రభుత్వ ఉద్యోగి సొంతంగా వ్యాపారం చేయకూడదు. భార్యల విషయంలో మాత్రం రూల్సుకు కాస్త జాలి ఉంది. మన దగ్గర మహిళా పారిశ్రామికవేత్తలు ఎట్లా పుడతారో ఆ రోజు అర్థమైంది. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలు, చేతికొచ్చేది 14 అంకెల నంబరు. ప్రొప్రైటర్ అన్న గడిలో మా ఆవిడ పేరు రాశాను. ఫోన్‌కు ఓటీపీ వచ్చిందా అని అడిగితే గ్యాస్ బండ కోసమనుకుని చెప్పేసింది. తాను పారిశ్రామికవేత్త అయిన సంగతి లేబుళ్లు అచ్చయి ఇంటికొచ్చిన రోజు ఆమెకు తెలిసింది.

పేరు కోసం నేను పడ్డ శ్రమ ఎవరూ పడి ఉండరు. మా జిల్లా పేరు దేశదేశాల్లో వినిపించేది ఒక్క విషయంలోనే: నల్గొండ టెక్నిక్. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతి. రెడీమేడ్‌గా అంతర్జాతీయ బ్రాండు ఉండగా ఇంకో పేరెందుకని సీసా మీద అదే వేయిస్తానన్నాను. పక్క సీటు సైన్సు డిగ్రీ ఆయన చాయ్ పక్కన పెట్టి, "అన్నా, ఆ టెక్నిక్‌ల కలిపేది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. నీ సాస్ కొన్నోడు ఏమనుకోవాలె?" అన్నాడు. చివరికి ప్రొప్రైటర్ పేరే బ్రాండు అయింది. ఆ విధంగా ఆమెను గౌరవించినట్టు కూడా అయింది.

తయారీని రెండు భాగాలు చేశాం. ఆలోచన నాది, మిగిలింది ఆమెది. రైతుబజారు నుంచి అయిదు కిలోల పండు మిరపకాయలు తెచ్చి పోశాను. ఒక్కొక్కటి బట్టతో తుడిచి, ఆరబెట్టి, తొడిమె తీయాలి. తడి ఉంటే బూజు పడుతుందట. తొడిమె తీసేటప్పుడు ఘాటు గోళ్ల సందుల్లోకి పోతుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ మంటకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థమని, అది నీళ్లతో కడిగితే పోదని, నూనెలో అయితే కరుగుతుందని వివరించాను. ఆమె మోచేతుల దాకా మంచినూనె రాసుకుని ఉంది, ఎప్పుడు రాసుకుందో. అంతలో మిక్సీ మూత తీసింది. నేను దగ్గుకుంటూ మేడ మీదికి పోయి మార్కెటింగ్ చూసుకున్నాను.

మధ్యలో ఒక శాస్త్రీయ ఘట్టం. సీసాలో విషక్రిములు పెరగకుండా ఉండాలంటే పులుపును కొలిచే పీహెచ్ అనే అంకె 4.6 కంటే తక్కువ ఉండాలి; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. పీహెచ్ కాగితాలు కొనుక్కొచ్చి ముంచాను. కాగితం ఎర్రబడింది. పులుపుకు ఎర్రబడిందో మిరపకాయ రంగుకు ఎర్రబడిందో తేలలేదు. మా అమ్మ వేలి కొసతో తీసి నాలుకకు రాసుకుని, "ఇంకో రెండు నిమ్మకాయలు పిండుండ్రి" అంది. నకిరేకల్ మార్కెట్ నిమ్మకాయలు పిండాక తెలిసిన లెక్చరర్ దగ్గర మీటరు పెట్టి చూస్తే 3.7. అమ్మకు ఆ అంకె చెప్తే, "ఉప్పు కూడ సరిపోయిందా అడిగినవా?" అంది.

కారం కొలవడానికి 1912లో విల్బర్ స్కోవిల్ అనే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. మిరప రసాన్ని తీపి నీళ్లలో పలుచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లు ఇక కారం లేదనేదాకా చూడాలి. నేనూ ఆఫీసులో అయిదుగురిని కూర్చోబెట్టాను. పలుచన చేసే అవసరమే రాలేదు. మొదటి చెంచాకే, "కారం ఎప్పుడేస్తరు సార్?" అన్నారు. చప్పగా ఉందని తిట్టుకుంటూనే మూడు సీసాలు ఖాళీ చేసి, మిరపకాయ బజ్జీలు తెప్పించమన్నారు.

లేబుల్ మీద కస్టమర్ కేర్ నంబరు ఉండాలి. ఆఫీసు టైములో నాకు ఫోన్లొస్తే బాగుండదని ఆమెదే ఇచ్చాను. ఇప్పటిదాకా ఆరు కాల్స్. నాలుగు మా ఆడబిడ్డవే అంటుంది. "వదినా, మాకు సీసా పంపలేదేంది?" అన్నది ఫిర్యాదు.

లెక్కల్లో మాత్రం నేను గట్టివాణ్ని. 40 సీసాలకు లెక్క వేశాను. సీసాకు సరుకు 22, ఖాళీ సీసా మూతతో సహా 19, లేబుల్ 7, మొత్తం 48. ధర 120 పెట్టాను, షాపువాడికి 36 పోగా మనకు 84. మొత్తం అమ్ముడుపోతే 1,440 లాభం. (అయిదుగురు నిపుణులు తాగేసిన మూడు సీసాలను ప్రచార ఖర్చుగా భావించి వదిలేశాను.) ఆఫీసు రిజిస్టరులాగా గీతలు కొట్టి, చక్కగా రాసి, ప్రొప్రైటర్ కదా అని ఆమెకు చూపించాను.

ఆమె చేతులు తుడుచుకుని పెన్ను తీసుకుంది. "కూలి అని ఒక గీత కొట్టిండ్రు, దాంట్ల సున్న పెట్టిండ్రేంది?" అంది. ఇంటి పనే కదా అనబోయి ఆ గోళ్లు చూసి ఊరుకున్నాను. సున్న కొట్టేసి రాసింది: మూడు రోజులు, రోజుకు 500, మొత్తం 1,500. "పొలంల ఆడకూలి రేటే వేసిన, ఎక్కువ వేయలే" అంది.

1,440 లాభం కాస్తా 60 నష్టం అయింది. ఆఫీసులో వేలకొద్దీ బిల్లులకు కొర్రీలు పెట్టిన నాకు ఆ వరుసలో ఒక్క కొర్రీ దొరకలేదు. కింద తేదీ వేసి, సంతకం చేసి, పక్కన రబ్బరు స్టాంపు కూడా గుద్దింది. ఆ స్టాంపు చేయించింది నేనే. ప్రొప్రైటర్ అని ఉంటుంది.