పాత సీరియల్ ఎక్కడుందో తెలియాలంటే అది ఎవరి సొత్తో తెలియాలి

సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన పిన్ని, ఇరవై ఏళ్ల కిందట ఒక్క రోజు కూడా వదలకుండా చూసిన డైలీ సీరియల్‌ను మొదటి నుంచి పెట్టమని అడిగింది. నాలుగు ఓటీటీలకు చందా కడుతున్న ఇంట్లో అదేమంత పని అనుకున్నాను. గంటసేపు వెతికినా ఏ యాప్‌లోనూ దాని జాడ లేదు. చివరికి యూట్యూబ్‌లో ఎవరో అభిమాని ఎక్కించిన భాగాలు దొరికాయి. పిన్ని రెండు నిమిషాలు చూసి, ‘‘ఇదేమిట్రా, అందరికీ పైట కుడి భుజం మీదుంది’’ అంది. కాపీరైట్‌ను పసిగట్టే సాఫ్ట్‌వేర్‌కు చిక్కకుండా ఉండేందుకు బొమ్మ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేశారు. హాల్లో గోడ గడియారం వెనక్కి నడుస్తోంది. అయినా ఆ రోజు పిన్ని పదకొండు ఎపిసోడ్లు అలాగే చూసింది.

పాత సీరియల్ కోసం వెతికేటప్పుడు మనందరం మొదట వేసుకునే ప్రశ్న ‘అది ఏ చానల్లో వచ్చింది’ అన్నది. జెమినీలో వచ్చిందైతే సన్ నెక్స్ట్‌లోనూ, మా టీవీలో వచ్చిందైతే జియోహాట్‌స్టార్‌లోనూ, ఈటీవీలో వచ్చిందైతే ఈటీవీ విన్‌లోనూ ఉంటుందని లెక్క వేసుకుంటాం. ఈ లెక్క కొన్నిసార్లు కుదురుతుంది, చాలాసార్లు తప్పుతుంది. ఎందుకంటే ప్రసారం చేసినంత మాత్రాన సీరియల్ చానల్ సొత్తు కాదు. వేయవలసిన ప్రశ్న ‘అది ఎవరి డబ్బుతో తయారైంది, హక్కులు ఎవరి దగ్గర మిగిలాయి’ అన్నది.

1990లలోనూ 2000ల మొదటి సగంలోనూ శాటిలైట్ చానళ్లలో స్లాట్ పద్ధతి బాగా నడిచింది. నిర్మాత చానల్‌కు టెలికాస్ట్ ఫీజు కట్టి అరగంట స్లాట్ కొనుక్కునేవాడు. ఆ అరగంటలో తనకు కేటాయించిన ప్రకటనల సమయాన్ని తానే అమ్ముకుని పెట్టుబడి రాబట్టుకునేవాడు. ఇటువంటి ఏర్పాటులో చానల్ ఒక రకంగా స్థలం అద్దెకిచ్చిన యజమాని మాత్రమే, సామాను అద్దెకున్నవాడిది. అందుకే చాలా సందర్భాల్లో సీరియల్ మీద హక్కు నిర్మాతకే ఉండిపోయింది. 2001 నవంబరు నుంచి ఆరేళ్లపాటు జెమినీలో వచ్చిన ‘అమృతం’ను చూడండి. దాన్ని నిర్మించిన సంస్థ పాత ఎపిసోడ్లను యూట్యూబ్‌లో తానే ఉచితంగా పెట్టుకుంది. 2020 ఉగాదికి దాని కొనసాగింపు ‘అమృతం ద్వితీయం’ జీ5లో వచ్చింది. మూడు చోట్లకూ పొంతన లేదు, కానీ నిర్మాత వైపు నుంచి చూస్తే అంతా ఒకే దారిలో ఉంది. దీనికి భిన్నంగా, చానలే సొంత డబ్బుతో సొంత స్టూడియోలో తీయించుకున్న సీరియల్ అయితే ఆ చానల్ యాప్ తలుపు తట్టడమే సరైన పని.

దూరదర్శన్ సంగతి కూడా ఇంతే. 2020 మార్చి 28న, లాక్‌డౌన్ మొదలైన వారంలోనే, ‘రామాయణ్’ను దూరదర్శన్ మళ్లీ ప్రసారం చేసింది. ముప్పై మూడేళ్ల కిందట దాన్ని దేశమంతటికీ చూపించిన సంస్థే అయినా, పునఃప్రసారానికి ముందు హక్కుదారులైన సాగర్ కుటుంబంతో మాట్లాడుకోవలసి వచ్చింది. శ్యామ్ బెనెగల్ తీసిన 53 భాగాల ‘భారత్ ఏక్ ఖోజ్’కు ఆ ఇబ్బంది లేదు. అది దూరదర్శన్ స్వయంగా తీయించుకున్నది కాబట్టి ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ చానల్లో ఇవాళ ఎవరైనా చూడవచ్చు.

డబ్బింగ్ సీరియళ్లతో చిక్కు మరో రకం. ‘బాలికా వధు’ హిందీలో కలర్స్‌లో వచ్చింది, తెలుగులో ‘చిన్నారి పెళ్లికూతురు’గా మా టీవీలో వచ్చింది. హిందీ మూలం అప్పటి ఓటీటీ వూట్‌లో ఉండేది. 2023లో వూట్ జియోసినిమాలో కలిసింది, 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఇలా ఇల్లు మారిన ప్రతిసారీ పాత లింకులు పనికిరాకుండా పోతాయి. పైగా మూలం ఎక్కడికి వెళితే తెలుగు గొంతు కూడా అక్కడికే వెళుతుందని నమ్మడానికి వీల్లేదు. తెలుగు ఆడియో వేరే ఒప్పందం, వేరే టేపు.

ఒప్పందాల దగ్గరే అసలు పీటముడి ఉంది. మన కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే దాన్ని ఐదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే అది భారతదేశానికే పరిమితమైనట్టుగానూ భావించాలి. 2012 సవరణ మరో మాట చేర్చింది: పత్రం రాసుకున్న నాటికి లేని, లేదా వ్యాపార వాడుకలోకి రాని మాధ్యమానికి ఆ బదిలీ వర్తించదు, పేరు పెట్టి ప్రస్తావించి ఉంటే తప్ప. ఇప్పుడు ఒక నవల ఆధారంగా తీసిన 1998 నాటి సీరియల్‌ను ఊహించుకోండి. నవలా రచయిత్రితో రెండు పేజీల కాగితం, టైటిల్ పాట రాసిన కవితో నోటి మాట, చానల్‌తో ప్రసార ఒప్పందం. ఓటీటీ సంస్థ లాయరు ఈ కట్టను చూడగానే పక్కన పెట్టేస్తాడు. అమెరికాలో ఉన్న తెలుగువారికి ‘ఈ వీడియో మీ దేశంలో అందుబాటులో లేదు’ అని తెర మీద కనిపించడం వెనక కూడా చాలాసార్లు ఇటువంటి కాగితమే ఉంటుంది. హక్కు గడువు తీరిపోయేదాకా ఆగుదామంటే, 2003లో ప్రసారమైన ఎపిసోడ్‌కు చట్టం ఇచ్చిన అరవై ఏళ్లు 2063 చివరికి గాని పూర్తికావు.

కాగితాలు సరిగ్గా ఉన్నా, టేపు ఉండాలి కదా! వారానికి ఐదు ఎపిసోడ్ల చొప్పున ఐదేళ్లు నడిచిన సీరియల్ అంటే దాదాపు 1300 ఎపిసోడ్లు. ఒక్కోదానికి ఒక బీటాక్యామ్ క్యాసెట్ వేసుకున్నా 1300 క్యాసెట్లు, ఏసీ లేని గదిలో పెడితే రెండు మూడు వానాకాలాల్లో బూజు పట్టే సరుకు. ఎపిసోడ్ నిడివి 22 నిమిషాలనుకుంటే డిజిటైజ్ చేయడానికి నికరంగా దాదాపు 477 గంటలు కావాలి. ఎందుకంటే టేపు ఆడినంతసేపే ఎక్కుతుంది, తొందర పెట్టడానికి లేదు. దాన్ని ఆడించే యంత్రాలు ఇప్పుడు తయారు కావడం లేదు, వాటిని బాగుచేసేవాళ్లూ తగ్గిపోయారు. ఇంత ఖర్చు పెట్టి, పాత చదరపు తెరకు తీసిన బొమ్మను పెట్టినా ఎందరు చూస్తారన్నది వ్యాపారి ప్రశ్న. అది అన్యాయమైన ప్రశ్న అని నేననను. కానీ బొమ్మ తిరగబడినా పదకొండు ఎపిసోడ్లు చూసినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా కనిపించరు.

వెతకడంలో మన వంతు తప్పు కూడా కొంత ఉంది. యాప్‌లలో ఎక్కువగా పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే నమోదై ఉంటాయి. ‘ఋతురాగాలు’ను ఒకరు ‘ఆర్ యు’తో మొదలుపెడతారు, మరొకరు ‘ఆర్ ఐ’తో. ‘తు’కు ఒకరు ‘టి’ రాస్తే ఇంకొకరు ‘టి హెచ్’ రాస్తారు. ఏ ఒక్కటి తేడా వచ్చినా ‘ఫలితాలు లేవు’ అని వస్తుంది. తెలుగు లిపిలో ఒకసారి, నాలుగు రకాల ఇంగ్లిష్ స్పెల్లింగులతో మరోసారి, ఆపైన దర్శకుడి పేరుతో, నిర్మాణ సంస్థ పేరుతో వెతకాలి. సినిమాలు ఏ ఓటీటీలో ఉన్నాయో చెప్పే జస్ట్‌వాచ్ వంటి సైట్ల మీద తెలుగు డైలీ సీరియళ్ల విషయంలో నాకు పెద్దగా నమ్మకం లేదు.

ప్రైవేటు సంస్థల నుంచి నేనేమీ ఆశించను. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం సంగతి వేరు. అక్కడ తయారైన తెలుగు నాటికలకూ ధారావాహికలకూ ఖర్చు పెట్టింది జనం. 2014లో రాష్ట్రంతో పాటు చానల్ కూడా యాదగిరి, సప్తగిరిగా రెండైంది. 2024 నవంబరులో ప్రసార భారతి సొంత ఓటీటీ ‘వేవ్స్’ వచ్చింది. ఇన్ని జరిగాయి కాబట్టి అన్నీ ఎక్కించమని అడగడం లేదు, ముందు ఒక జాబితా పెట్టమంటున్నాను. పేరు, సంవత్సరం, ఎన్ని భాగాలు, టేపు ఉందా చెరిగిందా, హక్కు దూరదర్శన్ కేంద్రానిదా స్పాన్సర్ చేసిన నిర్మాతదా. టేపు ఖరీదైన రోజుల్లో పాతదాని మీదే కొత్తది రికార్డు చేయడం బీబీసీ అంతటి సంస్థ కూడా చేసిన పని. పోయినవి పోయాయని రాసినా వెతికేవాళ్లు అక్కడితో ఆగుతారు.

పిన్ని సీరియల్‌కు చివరి టైటిల్స్ దగ్గర ఆపి నిర్మాత పేరు చదవబోతే, అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని తిప్పి చదివాం. ఆ పేరుతో వెతికితే ఆ నిర్మాణ సంస్థ సొంత యూట్యూబ్ చానల్ దొరికింది. అందులో బొమ్మ సవ్యంగా ఉంది, పైట ఎడమ భుజం మీదే ఉంది. ఎపిసోడ్లు మాత్రం 212 నుంచి మొదలయ్యాయి.