ఆరు వారాల టీచరు వెళ్ళిపోయాక

కంబోడియాలో ప్రభుత్వ ప్రాథమిక బడులు చాలావరకు ఏడాది పొడవునా ఒంటిపూట బడులే. మన దగ్గర మార్చి ఎండలకు మొదలయ్యే ఒంటిపూట బడి అక్కడ తరగతి గదులు చాలక, ఉపాధ్యాయులు చాలక స్థిరపడింది. కొందరు పిల్లలు పొద్దున వెళ్తారు, కొందరు మధ్యాహ్నం వెళ్తారు. 1975 నుంచి 1979 వరకు సాగిన ఖ్మేర్ రూజ్ పాలన చదువుకున్నవాళ్ళను వెతికి మరీ చంపిన దేశం అది. ఉపాధ్యాయ వృత్తిని దాదాపు మొదటి నుంచి నిర్మించుకోవలసి వచ్చిన ఆ దేశంలో ఈ కొరతకు కారణం వేరే వెతకనక్కరలేదు. బడి లేని ఆ రెండో పూటలోకే విదేశీ విశ్వవిద్యాలయాల విద్యార్థులు అడుగుపెడతారు. ముఖ్యంగా అంకోర్ వాట్ ఆలయం చూడటానికి ప్రపంచమంతా వచ్చే సియెమ్ రీప్ చుట్టుపక్కల ఊళ్ళలో, రేకుల కప్పు కింద నాలుగు బల్లలు వేసి నడిపే ఇంగ్లీషు తరగతులకు వీళ్ళే టీచర్లు. రెండు వారాలు, నాలుగు వారాలు, మహా అయితే ఆరు వారాలు చెప్పి వెళ్ళిపోతారు. వాళ్ళ స్థానంలో మరొకరు వస్తారు.

ఈ తరగతుల్లో ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. కొత్తగా వచ్చిన వలంటీరుకు ముందున్నవారు ఎక్కడి దాకా చెప్పారో తెలియదు, రాసిపెట్టిన పుస్తకమూ ఉండదు. అందుకని అందరికీ తోచేదే తనకూ తోస్తుంది: రంగుల పేర్లు, అంకెలు, జంతువుల పేర్లు, ఆడుతూ పాడుతూ నేర్పే నాలుగు పాటలు. ఎర్రటి అట్టముక్క ఎత్తి చూపగానే పిల్లలందరూ ఒక్క గొంతుతో జవాబు చెబుతారు, ఎందుకంటే ఆ జవాబు వాళ్ళకు గత నెలలోనే, అంతకు ముందు నెలలోనే వచ్చేసింది. ఆ కేక విని కొత్త టీచరు పొంగిపోతుంది. తాను ఒక్క రోజులో ఎంత నేర్పగలిగానో అనుకుంటుంది. ఆ పిల్లల నోటుపుస్తకం తిరగేస్తే మాత్రం మొదటి నాలుగు పేజీలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఐదో పేజీకి చేరే లోపు టీచరు మారిపోతుంది.

ఆ పిల్లవాడికి అసలు ఎక్కడ సాయం కావాలో అక్కడ ఈ టీచరు చేతులు కట్టేసినట్టే. కంబోడియా భాష రాసే ఖ్మేర్ లిపి, మన లిపి లాగే దక్షిణ భారతపు పాత లిపుల కుదురులోంచి వచ్చింది. దాని మూలం పల్లవ లిపి. అందులో 33 హల్లులు ఉంటాయి. మన ఒత్తుల మాదిరిగానే చాలా హల్లులకు కింద రాసే రూపం మరొకటి ఉంటుంది, దాన్ని ‘పాదం’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. పైగా హల్లులు రెండు వర్గాలుగా విడిపోతాయి. ఒకే అచ్చు గుర్తు ఏ వర్గపు హల్లు మీద ఉందన్నదాన్ని బట్టి వేరే ధ్వని పలుకుతుంది. మన రెండో తరగతి పిల్లలు ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఎలా చతికిలపడతారో చూసినవారికి, అంతకన్నా చిక్కైన ఈ లిపి ముందు ఒక పేద పిల్లవాడు ఎందుకు ఆగిపోతాడో వివరించనక్కరలేదు. తన భాషలో చదవడం రాని పిల్లవాడికి లెక్కల పుస్తకంలోని ప్రశ్న కూడా అర్థం కాదు. ఆ ముడి విప్పగలిగేది ఆ భాష వచ్చినవారే. హైదరాబాదు నుంచో లండన్ నుంచో వచ్చిన పందొమ్మిదేళ్ళ విద్యార్థిని ఎంత తెలివైనదైనా, ఎంత ప్రేమగలదైనా, ఆ పని ఆమె వల్ల కాదు.

ఈ మాట ఆ విద్యార్థినిని చిన్నబుచ్చడానికి అనడం లేదు. మన విశ్వవిద్యాలయాల నుంచి కూడా విద్యార్థి సంస్థల ద్వారా వియత్నాం, ఇండోనేసియా, శ్రీలంక, ఈజిప్టు వంటి దేశాలకు ఆరేడు వారాల స్వచ్ఛంద సేవకు వెళ్తున్న పిల్లలు ఉన్నారు. మొదటిసారి పాస్‌పోర్టు తీసుకుని, ఇంట్లోవాళ్ళను ఒప్పించి, తెలియని ఊరికి తెలియని పిల్లల కోసం వెళ్ళడం చిన్న విషయం కాదు. పై చదువుల దరఖాస్తులో రాసుకోవడానికి పనికొస్తుందన్న ఆలోచన కూడా కొందరిలో ఉండవచ్చు. అందులో తప్పు పట్టవలసింది లేదు, మనిషి ఏ పనైనా ఒకే ఒక్క కారణంతో చెయ్యడు. తప్పు విద్యార్థి మనసులో లేదు, ఏర్పాటులో ఉంది. వచ్చేవారి సెలవులను బట్టి తరగతి, వచ్చేవారికి వచ్చినదాన్ని బట్టి పాఠం, వచ్చేవారి సంతృప్తిని బట్టి ఫలితం నిర్ణయమవుతున్నాయి. ఈ మూడింటిలో ఎక్కడా పిల్లవాడి అవసరం నుంచి లెక్క మొదలు కాలేదు.

ఆ ఏర్పాటు పూర్తిగా పెడదారి పడితే ఏమవుతుందో కూడా కంబోడియానే చూపించింది. 2005 నుంచి 2010 వరకు ఐదేళ్ళలో అక్కడ అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ ఐదేళ్ళలో యుద్ధం లేదు, పిల్లలను ఒక్కసారిగా అనాథలను చేసిన మహమ్మారీ లేదు. పెరిగినవి పర్యాటకులూ, విరాళాలూ, ‘పిల్లలతో గడపాలి’ అనుకునే వలంటీర్లూ. ఆ ఆశ్రమాల్లోని ప్రతి నలుగురు పిల్లల్లో ముగ్గురికి తల్లో తండ్రో, ఎవరో ఒకరు బతికే ఉన్నారని తేలింది. పల్లెలోని పేద తల్లికి ‘మీ పిల్లకు తిండి పెడతాం, ఇంగ్లీషు చదువు చెప్పిస్తాం’ అన్న మాట చాలు. ఆ చదువు పేరు మీదే పిల్ల ఇల్లు విడిచింది, ఆ చదువు చెప్పే పేరు మీదే విదేశీ విద్యార్థి డబ్బు కట్టి అక్కడికి వచ్చాడు. నేపాల్‌లోనూ ఇదే జరిగింది. కొండ జిల్లాల పిల్లలను తెచ్చి కాఠ్మాండూ లోయలో, విదేశీయులు తిరిగే చోట్లలో ఆశ్రమాలు తెరిచారు. ఒక పిల్ల రెండు వారాలకొకసారి ఒక కొత్త అక్కకు దగ్గరై, ఆ అక్క ఏడుస్తూ వెళ్ళిపోవడం చూసి, మళ్ళీ ఇంకో అక్క ఒళ్ళో కూర్చోవడం నేర్చుకుంటుంది. తెలియనివారిని చూడగానే వచ్చి వాటేసుకునే ఆ పిల్లను చూసి వలంటీర్లు మురిసిపోతారు. పిల్లల మనస్తత్వం తెలిసినవారు దాన్ని దెబ్బతిన్న పిల్ల లక్షణంగా గుర్తుపడతారు.

ప్రపంచం ఈ విషయంలో ఆలస్యంగానైనా కదిలింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసినప్పుడు, లాభం కోసం పిల్లలను ఆశ్రమాలకు తరలించడాన్ని కూడా ఆ బానిసత్వంలో ఒక రూపంగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల స్వచ్ఛంద పర్యాటకం వల్ల కలిగే హానిని ప్రస్తావించింది. మన దగ్గర మాత్రం దీని మీద చర్చ దాదాపు లేదు. ఇన్నాళ్ళూ మనం వలంటీర్లను ఆహ్వానించేవాళ్ళం కాబట్టి, పంపించేవాళ్ళమూ అవుతున్నామన్న సంగతి ఇంకా మన దృష్టికి రాలేదు.

విదేశీ స్వచ్ఛంద సేవ అంటే ఎప్పుడూ ఇలాగే ఉండేదని కాదు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ప్రారంభించిన పీస్ కోర్ అనే స్వచ్ఛంద సేవా సంస్థలో చేరినవారు మూడు నెలల శిక్షణ, ఆ తర్వాత రెండేళ్ళ సేవ అనే లెక్కన పనిచేశారు. భారతదేశంలోనూ ఆ సంస్థ వలంటీర్లు 1961 నుంచి 1976 వరకు ఉన్నారు. జపాన్ 1965 నుంచి పంపుతున్న యువ స్వచ్ఛంద సేవకులకు కూడా గడువు రెండేళ్ళే, బయలుదేరే ముందు వాళ్ళను శిక్షణ కేంద్రంలో ఉంచి, వెళ్ళబోయే దేశపు భాష నేర్పుతారు. ఆ పథకాల వెనుక విదేశాంగ విధాన ప్రయోజనాలు లేవని ఎవరూ అనరు. అయినా భాష, కాలం అనే రెండు షరతులు వాళ్ళు గుర్తించారు. రెండేళ్ళున్న మనిషి మొదటి ఏడాది చేసిన తప్పును రెండో ఏడాది దిద్దుకోగలడు. ఆరు వారాల మనిషికి తాను తప్పు చేశానని తెలిసే సమయం కూడా ఉండదు.

ఇక పిల్లలకు నిజంగా చదువు వచ్చేలా చేసిన వలంటీర్లు ఎవరో తెలుసుకోవాలంటే విదేశాలకు పోనక్కరలేదు. ముంబయి, వడోదర మునిసిపల్ బడుల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ ‘బాలసఖి’ అనే కార్యక్రమం నడిపింది. ఆ వాడలోనే ఉంటూ పదో తరగతో పన్నెండో తరగతో చదివిన అమ్మాయిని ఎంచుకుని, కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, తరగతిలో వెనకబడిన 15-20 మంది పిల్లలను రోజూ రెండు గంటలు ఆమె దగ్గర కూర్చోబెట్టారు. వాళ్ళకు అక్షరాలూ అంకెలూ మొదటి నుంచి నేర్పడమే ఆమె పని. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు దాన్ని కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. మార్కులు స్పష్టంగా పెరిగాయి, అందరికన్నా అట్టడుగున ఉన్న పిల్లలే ఎక్కువ లాభపడ్డారు. ఆ అమ్మాయికి డిగ్రీ లేదు, ఇంగ్లీషూ అంతంత మాత్రమే. ఉన్నది ఏమిటంటే, పిల్లవాడు బడికి రాకపోతే సాయంత్రం వాళ్ళ గుమ్మం ముందు నిలబడి వాళ్ళ అమ్మను అడగగల చనువు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ దీనికి దగ్గరి అనుభవమే ఉంది. మన ప్రభుత్వ బడుల్లో తాత్కాలికంగా పనిచేసేవారిని మనం ‘విద్యా వలంటీర్లు’ అనే పిలిచాం. వంద పల్లె బడులకు అలా అదనంగా ఒక్కో కాంట్రాక్టు ఉపాధ్యాయుణ్ణి ఇచ్చి, ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రెండేళ్ళపాటు పరిశీలించారు. పిల్లల లెక్కలూ భాషా రెండూ మెరుగుపడ్డాయి. రెగ్యులర్ టీచరు జీతంలో దాదాపు ఐదో వంతు తీసుకునే వీళ్ళు, నేర్పడంలో వాళ్ళకు తీసిపోలేదని తేలింది. అంత తక్కువ జీతానికి మనుషులను వాడుకోవడం న్యాయమని నేను అనను. కానీ ఒక పోలిక మాత్రం చెప్పక తప్పదు. విమానం టికెట్టు, వీసా, బస, నమోదు రుసుము కలిపి ఒక విద్యార్థి ఆరు వారాల విదేశీ సేవకు పెట్టే ఖర్చు సులభంగా లక్ష రూపాయలు దాటుతుంది. ఆ డబ్బును ఊళ్ళోనే ఉండే ఒక చదువుకున్న అమ్మాయి చేతికి నెలనెలా అందిస్తే ఎన్ని నెలల పాఠం అవుతుందో లెక్క వేసుకోవచ్చు.

అయితే విదేశీ విద్యార్థి ఎందుకూ పనికిరాడని తేల్చెయ్యడం కూడా సరికాదు. సియెమ్ రీప్‌లో ఇంగ్లీషు మాట్లాడగలగడమంటే హోటల్లో ఉద్యోగం, గైడు పని, ఇంటి అప్పు తీరడం. పుస్తకంలో చదివిన ఇంగ్లీషు నోట పలకాలంటే, తన భాష రాని మనిషితో మాట్లాడవలసిన అవసరం రావాలి. ఆ అవసరాన్ని విదేశీయుడు ఊరికే ఎదురుగా నిలబడి కల్పించగలడు. కాబట్టి హైస్కూలు పిల్లలతో, స్థానిక టీచరు నడిపే తరగతిలో, ఆ టీచరు చెప్పిన పాఠం మీద సంభాషణ సాధన చేయించడం నిజమైన సాయమే. స్థానిక టీచరుకే ఇంగ్లీషు సాధన చేయించడం అంతకన్నా పెద్ద సాయం. ఆమె ఇంకో ఇరవై ఏళ్ళు అక్కడే ఉంటుంది. తేడా ఎక్కడుందంటే, వలంటీరు బల్ల ముందు నిలబడ్డాడా, వెనక కూర్చున్నాడా అన్నదానిలో ఉంది. ముందు నిలబడితే స్థానిక టీచరు విలువ పిల్లల కళ్ళలో తగ్గుతుంది. పక్కన కూర్చుంటే పెరుగుతుంది.

వెళ్ళాలనుకునే మన విద్యార్థులు పంపించే సంస్థను అడగవలసిన ప్రశ్నలు కూడా ఇక్కడి నుంచే వస్తాయి. నాకు ముందు వచ్చినవారు ఎక్కడి దాకా చెప్పారో రాసిన పుస్తకం ఉందా? ఏ స్థానిక టీచరు చేతి కింద నేను పనిచెయ్యాలి? నేను కట్టే డబ్బులో ఆ బడికి ఎంత చేరుతుంది? పిల్లలు రాత్రి ఎవరి ఇంట్లో పడుకుంటారు? ఈ చివరి ప్రశ్నకు ‘మా ఆశ్రమంలోనే’ అన్న జవాబు వస్తే అక్కడితో ఆగిపోవడం మంచిది.

ఇదంతా అమెరికాలో పెరిగిన మన తెలుగు పిల్లలకూ వర్తిస్తుంది. వాళ్ళు వేసవి సెలవుల్లో తాతగారి ఊరికి వచ్చి, అక్కడి బడిలో ఇంగ్లీషు చెబుతామంటారు. వాళ్ళు వచ్చేది జూన్, జూలై నెలల్లో. మన బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. కొత్త పుస్తకాలు, యూనిఫారాలు, కొత్త పిల్లల చేరికలతో హెడ్మాస్టరు తల మునకలుగా ఉండే రోజులవి. ఊరి పెద్ద మనవరాలిని కాదనలేక ఆయన ఒక తరగతి అప్పగిస్తాడు. అదే అమ్మాయి, తిరిగి వెళ్ళాక కూడా వారానికొక రోజు అదే పది మంది పిల్లలతో వీడియో కాల్‌లో ఏడాదంతా మాట్లాడితే, ఆ పది మందికీ ఏదో ఒకటి మిగులుతుంది. వారానికొక రోజు ఏడాదంతా నిలబెట్టుకోవడం పదిహేను రోజుల ఉత్సాహం కన్నా చాలా కష్టం, అందుకే అది అరుదు.

ఇవన్నీ చూశాక నాకు అనిపించేది ఏమిటంటే, విద్యార్థి విదేశానికి వెళ్ళడాన్ని మనం ‘సేవ’ అనడం మానేసి ‘చదువు’ అనడం మొదలుపెడితే సగం చిక్కులు విడిపోతాయి. చదువు కోసం వెళ్ళినవాడు ముందు చూస్తాడు, అడుగుతాడు, రాసుకుంటాడు. అలా చూసి నేర్చుకున్న ఉదాహరణ మన దగ్గరే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన పల్లె బడిలో గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది. ప్రతి మెట్టు పాఠంలో ఒక దశ. ఆ మెట్టుకు తగిన కార్డును, దాని మీద ఉన్న గుర్తును బట్టి పిల్లవాడే బుట్టలోంచి వెతికి తెచ్చుకుంటాడు. ఒకే గదిలో ఐదు తరగతుల పిల్లలుంటారు. కొందరు టీచరు పక్కన, కొందరు తోటి పిల్లల పక్కన, కొందరు తమంతట తాము ఒంటరిగా పని చేసుకుంటారు. నాలుగు రోజులు జ్వరంతో రాకపోయిన పిల్లవాడు వచ్చి, తాను ఆగిన మెట్టు నుంచే ఎక్కడం మొదలుపెడతాడు. టీచరు ఒక్కరే ఉన్న బడికి పుట్టిన ఈ ఆలోచనను జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు విద్యావేత్తలు గమనించారు. అంత సంపన్న దేశంవాళ్ళు చిత్తూరు సీమ పల్లె బడిని చూసి, తమ పిల్లల కోసం, తమ భాషలో, తమ సొంత నిచ్చెనలు తయారు చేసుకున్నారు.